నెలాఖరు ఊడ్పు

"ఆ మెయిల్ నేనెప్పుడో డిలీట్ చేసేశానండీ" అని ఎవరైనా ధీమాగా అంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందే, అదీ వీళ్ళ వరస. మా కంపెనీకి వచ్చే ప్రతి మెయిలూ, ఇక్కడినుంచి వెళ్ళే ప్రతి మెయిలూ మనుషుల పెట్టెల్లో పడకముందే ఒక నకలు నా దగ్గరికి వచ్చేస్తుంది. పంపినవాడు తీసేసినా, అందుకున్నవాడు తీసేసినా ఆ నకలు కదలదు. అందులో ఒక్క అక్షరం దిద్దడం నా వల్ల కూడా కాదు. ఈ పాత మెయిళ్ళకు కాపలా కాయడమే నా ఉద్యోగం.

కంపెనీ పని లిఫ్టులు బిగించడం, బాగుచేయడం. రెండో అంతస్తులో కిటికీ లేని గది నాది. అందరూ దాన్ని కొట్టుగది అంటారు, నన్ను కొట్టుగది మేడమ్ అంటారు. తీరా లోపలికొచ్చి చూస్తే ఒక బల్ల, రెండు తెరలు, రెండు కుర్చీలు, వేసవిలో కూడా స్వెట్టరు తొడిగించే ఏసీ. రెండో కుర్చీ సాక్షికి. ఎవరి మెయిలైనా తెరిచి చదవాలంటే పక్కన ఇంకొకరు కూర్చోవాలి, అదీ కాగితం మీద అడిగినదాని వరకే. ఎవరు ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు, పైన విషయమని ఏం రాశారు అన్నవి మాత్రం నేనొక్కదాన్నే చూడొచ్చు.

నా దగ్గర అన్నీ కలకాలం ఉంటాయనుకుంటారు. ఉండవు. ఒప్పందాల మెయిళ్ళు ఏడేళ్ళు ఉంటాయి, రోజువారీ సేవా మెయిళ్ళు ఒక్క ఏడాదే. గడువు తీరినవన్నీ నెలలో ఆఖరి శుక్రవారం సాయంత్రం ఆరింటికి పోతాయి. ఆ పోవడం మాత్రం నిజంగా పోవడమే. ఆ తర్వాత బ్రహ్మ దిగివచ్చినా వెనక్కి తేలేడు. దాన్ని మేం ఊడ్పు అంటాం. కోర్టు వ్యవహారమో విచారణో ఉంటే లా ఆఫీసరుగారు 'ఆపు' అని సంతకం పెడతారు. ఆ పెట్టెల మీద చీపురు పడదు.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు ఇదే కంపెనీలో ఫోర్‌మన్. పనిలో ఆయన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. వర్క్‌షాపు గోడ మీద ఒక పెద్ద చెక్క బోర్డుంటుంది. దాని మీద ప్రతి స్పానరుకూ, ప్రతి సుత్తికీ నల్ల రంగుతో ఆకారం గీసి ఉంటుంది. సాయంత్రం ఆ ఆకారాల్లో ఒక్కటి ఖాళీగా కనిపించినా బావ ఇంటికి కదలడు. మెయిళ్ళ దగ్గర మాత్రం తిరకాసు, పెట్టె ఖాళీగా కనిపించేదాకా కదలడు. పనిముట్లు తగిలించి, నేల ఊడ్చి, చివరగా పెట్టెలో ఉన్నవన్నీ ఒక్కసారే ఎంచి తీసి పారేస్తాడు.

"నిన్నటి చెత్త రేపటికెందుకు మరదలా?" అంటాడు.

"నీ చెత్తంతా నా కొట్లోనే ఉంది బావా. మోసేది నేను" అంటాను నేను.

"అందుకేగా నీకు జీతం!"

ఇలా సరదాగా ఉండేవాళ్ళం. పోయినేడాది ఆ లిఫ్టు జారేదాకా.

అది ఏడంతస్తుల నివాస భవనంలో లిఫ్టు. తలుపు తెరుచుకుంది, లిఫ్టు గది మాత్రం గడపకన్నా మూరెడు కిందికి జారి ఉంది. లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ చూసుకోకుండా అడుగేసి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. విప్పి చూస్తే బ్రేకు పలచగా అరిగిపోయి ఉంది. ఆ లిఫ్టు చూసుకునేది బావ. "అరిగిపోయిందని నేను ముందే రాశాను. జవాబు రాలేదు. పైవాళ్ళు చెప్పకుండా లిఫ్టు ఆపే అధికారం నాకు లేదు" అన్నాడు. ఆ పైవాడు, అంటే అప్పటి మేనేజరు, ఈలోపే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. విచారణకు పిలిస్తే "రోజుకు వంద మెయిళ్ళొస్తాయి, ఏదని గుర్తుంటుంది?" అని చేతులు దులుపుకున్నాడట.

బావను గోడౌన్లో కూర్చోబెట్టి నట్లు లెక్కపెట్టే పని ఇచ్చారు. విచారణ సంఘం ఆయనదే తప్పని తేలిస్తే లైసెన్సు పోతుంది, ఇక లిఫ్టు మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. ఆ చేతులకు ఇంకో పని రాదు. అక్క ఏడాదిగా సరిగ్గా నిద్రపోలేదు. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. "నీ కొట్లో అన్నీ ఉంటాయంటావుగా. ఆ ఒక్కటి వెతికి పెట్టవే తల్లీ."

వెతకాలంటే కాగితం రావాలి. సంఘం నత్తనడకన నడిచి, చివరికి ఈ నెలలో కాగితం పంపింది. 'బ్రేకు విషయమై ఫోర్‌మన్ పంపిన మెయిళ్ళు' కావాలని. ఆయన నాకు బావ అవుతాడని లా ఆఫీసరుగారికి ముందే చెప్పాను. "తెలుసులేమ్మా. అందుకే నేనే పక్కన కూర్చుంటా" అన్నారాయన. ఆయన పట్టిన టీ కప్పు ఎప్పటికీ ఖాళీ కాదు, పెట్టాల్సిన సంతకం ఎప్పటికీ పడదు. ఇద్దరం కూర్చుని బావ పేరు మీదున్న పెట్టె అంతా గాలించాం. జీతం స్లిప్పులు, సెలవు చీటీలు, అంతే. బ్రేకు అన్న మాటే లేదు.

కాగితం వచ్చిన రోజుల్లోనే ఆ టీచరమ్మ కూడా ఆఫీసుకు వచ్చింది. వాంగ్మూలం ఇచ్చి, కింద హాల్లో నడక కర్ర ఒళ్ళో పెట్టుకుని ఆటో కోసం కూర్చుంది. నేను అటుగా పోతుంటే పిలిచింది.

"పాత మెయిళ్ళు చూసేది నువ్వేనటగా?"

"అవునండీ."

"నాకొక్కటి తెలియాలమ్మా. అది పాడైందని ముందే ఎవరికైనా తెలుసా? తెలియకపోతే నా రాత అనుకుంటా. తెలిసి ఊరుకున్నారంటే అది వేరే లెక్క."

ఇంకా వెతుకుతున్నామండీ అని నీళ్ళు నమిలి వచ్చేశాను.

ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం, అన్నం కూడా తినకుండా గోడౌనుకు వెళ్ళి బావ మీద పడ్డాను. "రాశాను రాశాను అని ఊరంతా చాటావు. ఏదీ? నీ పెట్టె కడిగిన గిన్నెలా ఉంది!"

"నా పెట్టేంటి?" అన్నాడు బావ నట్ల డబ్బా పక్కన పెట్టి. "ఆ పాస్‌వర్డు నాకెప్పుడు గుర్తుంది కనక? వ్యాన్లో పలక ఉందిగా. ఫొటో తీస్తా, కొడతా. ఎప్పుడూ అంతే."

పలక అంటే వ్యానుకిచ్చిన టాబ్లెట్. దాని మెయిల్ అడ్రసు బావ పేరు మీద లేదు, వ్యాను పేరు మీద ఉంది.

'ఆపు' పెట్టింది బావ పేరు మీద. వ్యాను పెట్టె మీద ఎవరూ పెట్టలేదు, పెట్టాలని ఎవరికీ తోచలేదు. వ్యాను మెయిళ్ళు రోజువారీ కోవలోవి, ఏడాది గడువు. బావ రాశానంటున్నది పోయినేడాది ఇదే నెలలో. అంటే ఈ సాయంత్రం ఊడ్పులో పోతాయి.

"ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"ఎవరడిగారు?" అన్నాడు అమాయకంగా.

మెట్లు రెండేసి ఎక్కి లా ఆఫీసరుగారి గదిలో పడ్డాను. ఆయన టీ చప్పరిస్తూ "సోమవారం చూద్దామమ్మా" అన్నారు. సోమవారానికి చూడటానికేమీ ఉండదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అని గట్టిగానే అన్నాను. ఆయన కప్పు కింద పెట్టడం అదే మొదటిసారి చూశాను. సంఘం కాగితం ముందు పెట్టుకుని, అందులోని 'పంపిన' అన్న మాటనే పట్టుకుని రాసి సంతకం పెట్టారు. 'వ్యాను అడ్రసునుంచి పంపిన మెయిళ్ళు ఆపవలెను.'

ఆ మెయిలును వెతకడం కూడా సులువేమీ కాలేదు. బావ విషయం రాయడు, లోపల ఒక్క ముక్క రాయడు. ఫొటో ఒక్కటే. మా వెతుకులాట మాటల్ని పట్టుకుంటుంది కానీ ఫొటోలో ఏముందో దానికి తెలియదు. 'బ్రేకు' అని కొడితే ఎలా దొరుకుతుంది? చివరికి ఆ భవనానికి వ్యాను వెళ్ళిన తేదీలు పట్టుకుని ఒక్కొక్కటే తెరిచాం. దొరికింది. అరిగిన బ్రేకు, దాని పక్కన స్కేలు, కింద అట్టముక్క మీద బావ ముత్యాల్లాంటి అక్షరాలు. "ఈ బ్రేకు అయిపోయింది. ఆగదు. ఏం చెయ్యమంటారు?"

నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. లా ఆఫీసరుగారు కూడా నవ్వి, సంఘానికి ఫోను చేస్తానని వెళ్ళారు. నేను అక్కకు చెప్పాను. ఫోన్లో ఏడుపే వినిపించింది. తర్వాత "నీ నోట్లో చక్కెర పొయ్య" అంది.

ఆ సంతోషంలో తెరలు మూసేస్తున్నాను. వ్యాను పెట్టెలో పక్క జాబితా, అంటే వ్యానుకు వచ్చిన మెయిళ్ళ జాబితా, ఇంకా తెరిచే ఉంది. అదే తేదీ. పంపినవాడు అప్పటి మేనేజరు. విషయం దగ్గర రాసి ఉంది: 'లిఫ్టు వెంటనే ఆపేయండి, కరెంటు తీసేయండి.' ఏ పెట్టెలో ఏది తెరిచారో, ఏది తెరవకుండా తీసేశారో కూడా మాకు తెలుస్తుంది. దీని ఎదురుగా ఉంది: 'తెరవలేదు. తొలగించారు.' సాయంత్రం, పని దిగే వేళకు.

బోర్డు మీద పనిముట్లన్నీ తగిలించి, నేల ఊడ్చి, పలక తీసి, అన్నీ ఎంచి ఒక్క నొక్కు నొక్కుతున్న బావ నా కళ్ళకు కట్టాడు.

అడిగింది పంపిన మెయిళ్ళు. ఆపు పడింది పంపిన వాటి మీద. ఇది వచ్చిన మెయిలు. దీన్నెవరూ అడగలేదు, దీని సంగతి ఎవరికీ తెలియదు, రాసినవాడికే గుర్తులేదు. ఆరింటికి ఊడ్పు దీన్ని తీసుకుపోతుంది. నేను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ఒక్క రూలు కూడా తప్పినట్టు కాదు. బావ లైసెన్సు నిలుస్తుంది, అక్క నిద్రపోతుంది.

మళ్ళీ గోడౌనుకు వెళ్ళాను. ఈసారి మెట్లు ఒక్కొక్కటే దిగాను. బావకు అప్పటికే కబురు అందింది. నలుగురికీ టీ తెప్పించి, ఏడాదిలో మొదటిసారి నవ్వుతున్నాడు. "రా మరదలా, కొట్టుగది మహారాణీ!" అన్నాడు. పక్కకు పిలిచి చెప్పాను.

ముందు అర్థం కాలేదు. "జవాబు రాలేదుగా" అన్నాడు.

"వచ్చింది బావా. నువ్వు తెరవకుండా తీసేశావు."

చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అది ఎవరైనా అడిగారా?"

"లేదు."

"ఉంటుందా?"

"ఆరింటికి పోతుంది."

బావ నా వైపు చూడలేదు. "అయితే నువ్వేమీ అనలేదు, నేనేమీ వినలేదు. వెళ్ళు, టీ చల్లారుతోంది."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కోపమా, నా మీద కోపమా అంటే చెప్పలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆ వరస అలాగే తెర మీద ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని తెలుసు. నా ఒక్కగానొక్క అక్క. చిన్నప్పుడు నాకు జడలు వేసిన అక్క. కానీ నడక కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ టీచరమ్మ అడిగిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ముందే ఎవరికైనా తెలుసా? ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఊరుకుంటే నేనూ ఆ లెక్కలో చేరతాను.

లా ఆఫీసరుగారికి ఫోను చేశాను. "వచ్చినవి కూడా ఆపాలండీ. ఒక జవాబుంది."

ఆయన ఈసారి పరుగున వచ్చారు. మెయిలు తెరిచి చదివాక ఆయన మొహం వెలిగిపోయింది. కంపెనీ చెప్పిందన్నమాట, వినంది ఫోర్‌మనన్నమాట! ఆ వెలుగు చూసి కప్పు తీసి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. "లిఫ్టు ఆపారో లేదో రాసిన మనిషి మళ్ళీ అడగలేదండీ. అది కూడా రాసుకోండి" అన్నాను. ఆయన గొణుగుతూనే రాసుకున్నారు, సంతకం పెట్టారు. ఆరింటికి ఊడ్పు నడిచింది. ఆ రెండు మెయిళ్ళూ మిగిలాయి.

సంఘం ఇద్దరిదీ తప్పంది. చెప్పి, జరిగిందో లేదో చూడని కంపెనీది ఒకటి. చదవకుండా తీసేసిన ఫోర్‌మన్‌ది ఒకటి. బావ లైసెన్సు ఏడాదిపాటు ఆపారు. పూర్తిగా పోలేదు, కానీ అక్కకు ఆ తేడా పట్టలేదు. "పరాయిది కూడా ఇంత పని చెయ్యదే" అని ఫోను పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. టీచరమ్మకు రెండు మెయిళ్ళూ చూపించారట. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇద్దరూ బాగానే రాశారు. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చూసుకుంటే సరిపోయేది" అని లేచి వెళ్ళిందట.

మా దగ్గర ఇంకో పద్ధతుంది. ఎవరి మెయిలైనా విచారణకు ఇచ్చినప్పుడు, దాని నకలు ఆ మనిషి సొంత పెట్టెకు కూడా పంపాలి. బావకు పంపాను. మేనేజరు రాసిన ఆ జవాబే. అది తెరిచారా లేదా అన్నది కూడా నేను నమోదు చేయాలి. రోజూ పొద్దున చూసేదాన్ని. 'తెరవలేదు.' ఖాళీ పెట్టె చూడందే కదలని మనిషి, దాన్ని తెరవనూ లేదు, తీసేయనూ లేదు. ఒక్క మెయిలు అలాగే కూర్చుని ఉంది. వారాలు గడిచాయి. ఇంటికెళ్తే అక్క తలుపు తీస్తుందో లేదోనని నేనూ వెళ్ళలేదు. వాళ్ళు లేని ఆదివారాలు నాకు తోచేవి కావు. బెంగపడ్డాను, అబద్ధమెందుకు?

ఒక పొద్దున చూస్తే 'తెరిచారు' అని ఉంది. తొలగించలేదు. నాకు ఏడుపొచ్చింది. రెండో కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది.

మధ్యాహ్నం నా పెట్టెలో ఒక మెయిలు పడింది. బావ సొంత పేరు మీదినుంచి. పాస్‌వర్డు ఎవరిచేత వెతికించుకున్నాడో. ఫొటో లేదు. విషయం దగ్గర 'చదివాను' అని ఉంది. లోపల తప్పుల్లేకుండా కూడబలుక్కుని కొట్టిన మాటలు.

"మరదలా, చదివాను. ఇన్నాళ్ళూ జవాబు రాలేదని అందరికీ చెప్పాను. టీచరమ్మకు కూడా చెప్పాను. వచ్చిందని నేనే వెళ్ళి చెప్పాలి. ఆవిడ అడ్రసు పంపు. మీ అక్క ఆదివారం రమ్మంది, కోపం ఇంకా ఉంది, అయినా రా."

విచారణ కాగితాల్లోంచి ఎవరి అడ్రసూ బయటికి ఇవ్వకూడదు, అది రూలు. ఒక్క వాక్యం రాసి పంపాను. "ఆ లిఫ్టు ఉన్న బిల్డింగే బావా, నీకు తెలియని అడ్రసా?"

నా కన్ను ఇంకా తెర మీదే ఉంది. నేను పంపినదాని ఎదురుగా 'తెరిచారు' అని పడింది.